బెల్టు గ్రైండర్ వేగం తగ్గించడం: చిక్కు రెగ్యులేటర్‌లో లేదు, మోటారులో ఉంది

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక సింగిల్ ఫేజ్ మోటారు కొని, ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, ఇంటి వెనక షెడ్డులో, ఎమరీ బెల్టును తిప్పి ఉక్కును అరగదీసే బెల్టు గ్రైండర్ నిలబెట్టుకునేవారున్నారు. కొందరికి కత్తులు తయారుచేయడం అభిరుచి. కొందరు ఉలులు, బాడితలు సానపట్టుకునే వడ్రంగులు. యంత్రం తిరగడం మొదలయ్యాక అందరికీ ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే: దీని వేగం తగ్గించేదెలా?

ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది పెట్టుకోమంటారు ఒకరు. ఆన్‌లైన్‌లో దొరికే, వోల్టేజీని తగ్గించే డిమ్మర్ బోర్డు చాలంటారు ఇంకొకరు. కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ తప్ప మరేదీ పనికిరాదంటారు మూడో మనిషి. డిమ్మర్ మాట, వీఎఫ్‌డీ మాట ఏదో ఒక రకం మోటారుకు నిజమే. ఏ రకానికో చెప్పకుండా సలహా ఇవ్వడం వల్లే మోటార్లు కాలుతున్నాయి.

ముందు తేలాల్సింది బెల్టు వేగం

మోటారు మీది రేకుపై 1440 అనో 2880 అనో కనిపించే అంకె, నిమిషానికి అది తిరిగే చుట్ల సంఖ్య. పనికి కావలసిన లెక్క అది కాదు. ఎమరీ బెల్టు సెకనుకు ఎన్ని మీటర్లు పరుగెత్తుతోందన్నదే అసలు లెక్క. బెల్టును లాగే డ్రైవ్ చక్రం చుట్టుకొలతను చుట్ల సంఖ్యతో గుణిస్తే అది వచ్చేస్తుంది.

చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. మోటారు 1440 చుట్లు తిరిగితే బెల్టు నిమిషానికి 452 మీటర్లు, అంటే సెకనుకు 7.5 మీటర్లు నడుస్తుంది. అదే చక్రం 2880 మోటారు మీద ఉంటే సెకనుకు 15 మీటర్లు. చక్రాన్ని 150 మిల్లీమీటర్లకు మారిస్తే 2880 దగ్గర సెకనుకు 22.6 మీటర్లు. మోటారును తాకకుండా చక్రం మార్చినా వేగం మారుతుందన్నమాట. ఈ చిన్న విషయం ముందుముందు చాలా పనికొస్తుంది.

ఇంతకీ వేగం ఎందుకు తగ్గించాలి? ముఖ్య కారణం వేడి. బెల్టుకూ ఉక్కుకూ మధ్య రాపిడి బలం 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల బరువంత ఉందనుకుందాం. బెల్టు సెకనుకు 15 మీటర్లు నడిస్తే అక్కడ ఖర్చయ్యే శక్తి 750 వాట్లు. ఒక మామూలు ఇస్త్రీ పెట్టె లాగేంత శక్తి, గోరు వెడల్పు చోట. అందులో కొంత నిప్పురవ్వలతో ఎగిరిపోతుంది, కొంత బెల్టు తీసుకుపోతుంది, మిగతాది కత్తిలోకే దిగుతుంది. వేగం సెకనుకు 4 మీటర్లయితే అదే ఒత్తిడికి 200 వాట్లే.

గట్టిపరిచిన కార్బన్ స్టీల్ కత్తికి ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. అలాంటి కత్తిని చివరగా 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాల్చి, పెళుసుదనం తగ్గించి ఉంచుతారు. గ్రైండర్ మీద అంచు 220 డిగ్రీలు దాటితే ఉక్కుపై ఎండుగడ్డి రంగు పొర తేలుతుంది. 300 దగ్గర అది నీలమవుతుంది. నీలం కనిపించిన చోట గట్టిదనం తగ్గిపోయినట్టే. పైన రంగును రుద్ది పోగొట్టవచ్చు గానీ పోయిన గట్టిదనం తిరిగి రాదు. సన్నటి అంచులో వేడిని పంచుకునే లోహం తక్కువ కాబట్టి, ఈ నష్టం రెండు మూడు సెకన్లలోనే జరిగిపోతుంది.

అలాగని అన్ని పనులకూ తక్కువ వేగమే మేలనుకుంటే పొరపాటు. మోటు పనికి వాడే సెరామిక్ బెల్టుల గింజలు ఒత్తిడికి చిట్లుతూ కొత్త అంచులు తెరుచుకోవాలి. నెమ్మదిగా, తేలికగా వాడితే అవి చిట్లవు, నున్నబడతాయి. ఆ తర్వాత కోత తగ్గి వేడే పెరుగుతుంది. వాటికి సెకనుకు 20 నుంచి 30 మీటర్లు నప్పుతాయి. నునుపు పనికీ, కర్ర పిడికీ 5 నుంచి 10 మీటర్లు హాయి. ఒకే యంత్రం ఈ రెండు పనులూ చేయాలంటే వేగం మారక తప్పదు.

మోటారు వేగాన్ని నిర్ణయించేది వోల్టేజీ కాదు

మన ఇళ్లలో, పిండి మరల్లో, నీళ్ల పంపుల్లో ఎక్కువగా ఉండేది ఇండక్షన్ మోటారు. బయటి చుట్టల్లో కరెంటు పారితే లోపల అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంది. దాని వెంట పడుతూ రోటర్ తిరుగుతుంది. క్షేత్రం ఎంత వేగంగా తిరగాలో రెండే నిర్ణయిస్తాయి: కరెంటు ఫ్రీక్వెన్సీ, మోటారులోని పోల్స్ (అయస్కాంత ధ్రువాల) సంఖ్య. ఫ్రీక్వెన్సీని 120తో గుణించి పోల్స్‌తో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి 4 పోల్ మోటారుకు 1500, 2 పోల్‌కు 3000. రోటర్ ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. ఆ వెనకబాటే స్లిప్. రేకు మీద 1440, 2880 అని ఉండేది అందుకే.

ఈ లెక్కలో వోల్టేజీ ఎక్కడా లేదు. అది నిర్ణయించేది తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను. అదీ వర్గ నిష్పత్తిలో. వోల్టేజీని 230 నుంచి 160కి తగ్గిస్తే అది సుమారు 70 శాతం. మోటారు ఇవ్వగల టార్క్ మాత్రం 49 శాతానికి పడిపోతుంది. వోల్టేజీ తగ్గించినప్పుడు వేగం తగ్గినట్టు కనిపించేది మోటారు నీరసించి వెనకబడటం వల్లే.

ఫ్యానుకు చెల్లేది గ్రైండర్‌కు ఎందుకు చెల్లదు

ఫ్యాన్ రెగ్యులేటర్ చేసేది ఫ్యానుకు అందే వోల్టేజీ తగ్గించడమే. అక్కడ అది చక్కగా పనిచేస్తుంది. గాలి ప్రతిఘటన వేగపు వర్గంతో పాటు తగ్గుతుంది కాబట్టి, సగం వేగంతో తిరిగే ఫ్యానుకు నాలుగోవంతు టార్క్ చాలు. మోటారు నీరసించిన కొద్దీ బరువు కూడా తేలికవుతుంది. పైగా ఫ్యాను మోటారును ఎక్కువ స్లిప్‌ను తట్టుకునేలా తయారుచేస్తారు.

గ్రైండర్ బరువు అలా తగ్గదు. కత్తిని ఒకే బలంతో నొక్కినంత కాలం, బెల్టు నెమ్మదిగా నడిచినా వేగంగా నడిచినా రాపిడి దాదాపు ఒక్కటే. తిప్పే బలం సగానికి పడింది, ఎదుర్కోవాల్సిన బరువు మాత్రం అలాగే ఉంది. మోటారు వెనకబడి, ఎక్కువ కరెంటు లాగి, చివరికి ఆగిపోతుంది. ఆగిన మోటారులోకి వెళ్లే కరెంటంతా వేడిగానే మారుతుంది.

దీనికి తోడు సింగిల్ ఫేజ్ మోటార్లలో ఇంకో గండం ఉంది. అవి తమంతట తాము తిరగడం మొదలుపెట్టలేవు. మొదట ఒక తోపు ఇవ్వడానికి స్టార్టింగ్ వైండింగ్ అనే రెండో చుట్ట, దానికో కెపాసిటర్ ఉంటాయి. మోటారు వెనక మూత విప్పితే షాఫ్టు మీద స్ప్రింగులతో బిగించిన రెండు చిన్న బరువులు, వాటికి ఆనుకుని ఒక బిళ్ల, బిళ్ల ఎదురుగా ఒక జత కాంటాక్టులు కనిపిస్తాయి. అదే సెంట్రిఫ్యూగల్ స్విచ్. వేగం సుమారు 75 శాతానికి చేరగానే బరువులు విచ్చుకుని, బిళ్ల వెనక్కి జరిగి, కాంటాక్టులు విడిపోతాయి. స్టార్టింగ్ వైండింగ్ పని అక్కడితో సరి. మోటారు ఆపేశాక వేగం తగ్గుతూ ఉండగా ‘టక్’మని వినిపించే చప్పుడు, ఆ బిళ్ల తిరిగి స్వస్థానానికి వచ్చిన చప్పుడే.

రెగ్యులేటర్‌తో వేగాన్ని ఆ గీతకు దిగువకు దించితే మోటారు నడుస్తుండగానే కాంటాక్టులు మళ్లీ కలుస్తాయి. కొన్ని సెకన్ల పనికి చుట్టిన సన్నటి తీగలోకి ఆగకుండా కరెంటు పారుతుంది. వార్నిష్ మాడిన వాసన వచ్చేసరికి ఆ మోటారు రీవైండింగ్ షాపుకు వెళ్లే దశలో ఉంటుంది. 4,000 వాట్లు అని రాసి ఉండే డిమ్మర్ బోర్డులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ అంకె బోర్డు మోయగల బరువుది, మోటారుకు అది సరిపడుతుందన్న హామీ కాదు.

డిమ్మర్ నిజంగా పనిచేసే చోటు

కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు కథ వేరు. మిక్సీ, చేతి డ్రిల్లింగ్ మిషను, యాంగిల్ గ్రైండర్ ఈ కోవలోవి. వీటి వేగం ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉండదు. వోల్టేజీ, బరువు కలిసి నిర్ణయిస్తాయి. అందుకే యాంగిల్ గ్రైండర్‌కు బెల్టు అటాచ్‌మెంటు బిగించిన వారికి డిమ్మర్ బాగానే పనిచేసినట్టు అనిపిస్తుంది, కొంతవరకు పనిచేస్తుంది కూడా.

ఖాళీగా తిరుగుతున్నప్పుడు వేగం అనుకున్నట్టే తగ్గుతుంది. కత్తి ఆనించగానే ఇంకా పడిపోతుంది, తీయగానే ఎగబాకుతుంది. వేగాన్ని కొలుస్తూ సవరించే ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న యంత్రాల్లో ఈ ఊగిసలాట తక్కువ. యాంగిల్ గ్రైండర్ ఖాళీగా 11,000 చుట్ల దాకా తిరిగే యంత్రం. దాని ఫ్యాను అదే షాఫ్టు మీద ఉంటుంది కాబట్టి వేగం బాగా తగ్గిస్తే చల్లదనమూ పోతుంది. అప్పుడప్పుడు వాడే చిన్న పనికి సరే గానీ గంటల తరబడి పనికి ఇది తగదని నా అభిప్రాయం.

పుల్లీలు: పాత పద్ధతి, గట్టి పద్ధతి

డ్రిల్లింగ్ మిషను మూత ఎత్తితే మెట్లు మెట్లుగా పుల్లీలు, వాటి మీద వీ బెల్టు కనిపిస్తాయి. గ్రైండర్‌కూ ఇదే పెట్టవచ్చు. మోటారు 1440. దాని షాఫ్టు మీద 3, 4, 5 అంగుళాల మెట్ల పుల్లీ. గ్రైండర్ షాఫ్టు మీద అదే పుల్లీ తిరగేసి. అప్పుడు గ్రైండర్ షాఫ్టుకు 864, 1440, 2400 చుట్లు వస్తాయి. 100 మిల్లీమీటర్ల డ్రైవ్ చక్రంతో బెల్టు వేగాలు సెకనుకు 4.5, 7.5, 12.6 మీటర్లు.

దీనికున్న గొప్ప గుణం, వేగం తగ్గినప్పుడు శక్తి తగ్గకపోవడం. మోటారు ఎప్పుడూ తన 1440 దగ్గరే నడుస్తుంది, తన ఫ్యానుతో తాను చల్లబడుతుంది. వేగం సగమైతే బెల్టు దగ్గర లాగే బలం రెట్టింపవుతుంది. మిగతా పద్ధతుల్లో ఈ లాభం లేదు. ఇంట్లో ఉన్న సింగిల్ ఫేజ్ మోటారునే వాడుకోవచ్చు. లోపమల్లా, వేగం మార్చాలంటే యంత్రం ఆపి బెల్టు మార్చాలి. మధ్య వేగాలు దొరకవు. కత్తి చివరి దశలో కొద్దికొద్దిగా వేగం దించుకుంటూ పోవాలనుకునే వారికి ఇది విసుగు పుట్టిస్తుంది.

వీఎఫ్‌డీ చేసే పని

ఇండక్షన్ మోటారు వేగాన్ని మూలంలోనే మార్చాలంటే ఫ్రీక్వెన్సీని మార్చాలి. వీఎఫ్‌డీ చేసేది అదే. ఇంటి 230 వోల్టుల ఏసీని ముందు డీసీగా మార్చి కెపాసిటర్లలో నింపుతుంది. అక్కడ సుమారు 325 వోల్టులుంటాయి. ఆ డీసీని ట్రాన్సిస్టర్లతో సెకనుకు వేలసార్లు ముక్కలు చేసి, కోరిన ఫ్రీక్వెన్సీలో త్రీ ఫేజ్ కరెంటుగా బయటికి పంపుతుంది. ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ లేకపోయినా త్రీ ఫేజ్ మోటారు నడపగలగడం దీనివల్లే.

ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గించడం ఇందులో కీలకం. 50 హెర్ట్జ్‌కు 230 వోల్టులయితే 25 హెర్ట్జ్‌కు 115. అలా చేస్తే అయస్కాంత క్షేత్రం బలం నిలకడగా ఉంటుంది, కాబట్టి టార్క్ తగ్గదు. ఫ్యాన్ రెగ్యులేటర్‌కూ దీనికీ అసలు తేడా ఇక్కడుంది. అది వోల్టేజీని మాత్రమే దించుతుంది. వీఎఫ్‌డీ రెంటినీ జతగా దించుతుంది.

శక్తి మాత్రం వేగంతో పాటే తగ్గుతుంది. 1.5 కిలోవాట్లు, అంటే 2 హెచ్‌పీ మోటారు 25 హెర్ట్జ్ దగ్గర సుమారు 0.75 కిలోవాట్లే ఇస్తుంది. అదే 50 హెర్ట్జ్ దాటితే పెంచడానికి వోల్టేజీ మిగలదు కాబట్టి టార్క్ తగ్గడం మొదలవుతుంది.

మరి ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకే వీఎఫ్‌డీ తగిలిస్తే? సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉన్న మోటారుకు పాత గండమే ఎదురవుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గగానే వేగం తగ్గి స్టార్టింగ్ వైండింగ్ మళ్లీ కలుస్తుంది. స్విచ్ లేకుండా కెపాసిటర్ ఎప్పుడూ కలిసే ఉండే రకం మోటార్లకు ప్రత్యేకమైన వీఎఫ్‌డీలున్నా, కెపాసిటర్ ఒక ఫ్రీక్వెన్సీకి లెక్కగట్టినది కావడంతో వేగం మార్చుకునే పరిధి చిన్నది.

స్టార్, డెల్టా: చాలామంది తడబడే మెట్టు

మన మార్కెట్లో దొరికే 1, 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్ల రేకు మీద 415 వోల్టులు, స్టార్ అని ఉండటం మామూలే. స్టార్ అంటే మూడు చుట్టల ఒక్కో కొసను ఒకచోట ముడివేయడం, డెల్టా అంటే వాటిని త్రిభుజంలా కొసకు కొస కలపడం. ఇంటి కరెంటుతో నడిచే వీఎఫ్‌డీ 230 వోల్టులకు మించి ఇవ్వదు. రెంటినీ నేరుగా కలిపితే మోటారు తిరుగుతుంది గానీ లాగుడు ఉండదు. అప్పుడు మోటారు చెడ్డదనో వీఎఫ్‌డీ నకిలీదనో అనుమానిస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. స్టార్ కనెక్షన్‌లో ఒక్కో చుట్టకు అందాల్సింది 415ను 1.732తో భాగించగా వచ్చే 240 వోల్టులు. వీఎఫ్‌డీ ఇచ్చే 230ను అదే స్టార్‌లో పంచితే ఒక్కో చుట్టకు 133 వోల్టులే. 50 హెర్ట్జ్ దగ్గర టార్క్ మూడోవంతు కన్నా తక్కువ. నిండు టార్క్ దొరికేది సుమారు 28 హెర్ట్జ్ వరకే. అదే మోటారును డెల్టాలోకి మారిస్తే ఒక్కో చుట్టకు నేరుగా 230 అందుతుంది, 50 హెర్ట్జ్ దాకా టార్క్ దాదాపు పూర్తిగా ఉంటుంది.

అలా మార్చగలమా లేదా అన్నది టెర్మినల్ పెట్టె చెబుతుంది. మూత తీస్తే 6 కొసలు, వాటి మధ్య ఇత్తడి పట్టీలు కనిపించాయంటే పట్టీలు మార్చి డెల్టా చేయవచ్చు. 3 తీగలే బయటికొస్తే స్టార్ ముడి లోపల చుట్టల దగ్గరే పడి ఉంటుంది. దాన్ని వెతికి విప్పి మూడు కొసలు బయటికి తీయడం అనుభవమున్న రీవైండింగ్ పనివాడికి సాధ్యమే.

2 పోలా, 4 పోలా?

వీఎఫ్‌డీ వాడేవారిలో తెగని వాదం ఇది. రెండూ 1.5 కిలోవాట్ల మోటార్లే అనుకుని, 100 మిల్లీమీటర్ల చక్రంతో పోల్చి చూద్దాం.

4 పోల్ మోటారు 1440 దగ్గర సుమారు 10 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. బెల్టు దగ్గర అది 200 న్యూటన్ల లాగుడు, సెకనుకు 7.5 మీటర్ల వేగంతో. 2 పోల్ మోటారు 2880 దగ్గర ఇచ్చేది 5 న్యూటన్ మీటర్లు. బెల్టు దగ్గర 100 న్యూటన్లు, సెకనుకు 15 మీటర్లతో. దీన్ని 25 హెర్ట్జ్‌కు దించి 7.5 మీటర్ల దగ్గర నడిపినా లాగుడు 100 న్యూటన్లే. అంటే నెమ్మది వేగంలో 4 పోల్‌కు రెట్టింపు పట్టు.

4 పోల్‌ను 100 హెర్ట్జ్‌కు ఎక్కిస్తే అదీ 15 మీటర్లు అందుకుంటుంది, లాగుడు అప్పుడు 100 న్యూటన్ల దగ్గరికి వస్తుంది. కాగితం మీద 4 పోల్‌దే పైచేయి. కానీ 100 హెర్ట్జ్ దగ్గర మోటారు మొరాయించే హద్దు బాగా దగ్గరికి జరుగుతుంది. మోటారు ఇవ్వగల గరిష్ఠ టార్క్ ఫ్రీక్వెన్సీ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది కాబట్టి నాలుగోవంతుకు పడిపోతుంది. బేరింగులు, రోటర్ సమతూకం ఆ వేగానికి తగినవో కాదో తయారీదారు చెప్పాలి. 2 పోల్ మోటారు బరువు తక్కువ, తన సహజ వేగంలోనే ఎక్కువ వేగాన్నిస్తుంది. మోటు కోతే ప్రధానమైతే 2 పోల్, సన్న పని ఎక్కువైతే 4 పోల్ అనడం సబబుగా తోస్తుంది. 4 పోల్‌కు 200 మిల్లీమీటర్ల చక్రం తొడిగితే 50 హెర్ట్జ్ దగ్గరే 15 మీటర్లు వచ్చి, రెండూ సమానమైపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెంటికీ ఉన్న ఇబ్బంది ఒకటే. మోటారు ఫ్యాను దాని షాఫ్టు మీదే ఉంటుంది. 15 హెర్ట్జ్ లాంటి తక్కువ వేగంలో ఎక్కువసేపు నొక్కి పనిచేస్తే చల్లబరిచే గాలి చాలదు. విడిగా చిన్న ఫ్యాను బిగించేది ఇందుకే.

డీసీ, బీఎల్‌డీసీ మోటార్లు

పాత ట్రెడ్‌మిల్‌ల నుంచి తీసిన డీసీ మోటార్లు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంటాయి. డీసీ మోటారు వేగం వోల్టేజీని అనుసరిస్తుంది, టార్క్ కరెంటును. కాబట్టి తగిన కంట్రోలర్ ఉంటే వేగం మెత్తగా మారుతుంది. అయితే వాటి రేకు మీద రాసే హెచ్‌పీ ఎంతసేపు ఇవ్వగల హెచ్‌పీయో చూడాలి. చాలావాటికి ఒళ్లంతా గాలి రంధ్రాలే. ఉక్కు పొడి వాటిలోంచి నేరుగా బ్రష్‌ల మీదికి చేరుతుంది.

దర్జీ పనిశాలల్లో పారిశ్రామిక కుట్టుమిషన్లకు బిగించే సర్వో మోటార్లు నిజానికి బ్రష్ లేని డీసీ మోటార్లు, అంటే బీఎల్‌డీసీలు. నెమ్మది వేగంలోనూ నిలకడగా తిరుగుతాయి, కంట్రోలర్ కలిసే వస్తుంది. శక్తి సాధారణంగా 550 లేదా 750 వాట్లు. సన్నటి బెల్టుకు, నునుపు పనికి చాలు. రెండంగుళాల బెల్టు మీద మోటు కోతకు చాలదు.

పొడి, ఎర్తు, కరెంటు కోత

గ్రైండర్ నుంచి రాలే ఉక్కు పొడిలో విద్యుత్ ప్రవహిస్తుంది. వీఎఫ్‌డీలకు గాలి లోపలికి లాగే చిన్న ఫ్యాను ఉంటుంది. పొడి సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటే షార్టవుతుంది. బిగుతైన పెట్టెలో పెడితే పొడి రాదు గానీ వేడి బయటికి పోదు. ఈ రెంటి మధ్య రాజీ కోసం కొందరు పెద్ద పెట్టె వాడతారు, కొందరు వీఎఫ్‌డీని గోడకు అవతల పెట్టి నాబ్ మాత్రమే ఇవతలికి తెస్తారు. రెండో పద్ధతే నాకు నచ్చింది.

1.5 కిలోవాట్ల వీఎఫ్‌డీ నిండు బరువుతో సింగిల్ ఫేజ్ నుంచి 10 ఆంపియర్లకు పైగా లాగగలదు, కాబట్టి 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు. దాని ఫిల్టర్ గుండా కొన్ని మిల్లీఆంపియర్లు ఎర్తుకు కారడం సహజం. కరెంటు ఎర్తుకు కారితే సరఫరా ఆపేసే ఇంటి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కోసారి అందువల్లే పడిపోతుంది. విసుగెత్తి ఎర్తు తీగ పీకేస్తే ఆర్‌సీసీబీ పడటం ఆగవచ్చు గానీ, ఆ కారుడు చట్రం మీదే నిలిచి ముట్టుకున్న మనిషి గుండా దారి వెతుక్కుంటుంది. మామూలు ఏసీ రకం ఆర్‌సీసీబీ సైన్ తరంగపు కారుడును గుర్తించేందుకు చేసినది. వీఎఫ్‌డీలో లోపం వల్ల వచ్చే కారుడు ఆ ఆకారంలో ఉండకపోవచ్చు. ఎలాంటి ఆర్‌సీసీబీ వాడాలో కొన్ని వీఎఫ్‌డీల మాన్యువళ్లు ప్రత్యేకంగా చెప్పేది అందుకే. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలోని 325 వోల్టులు దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

వేగం మార్చే పరికరాల మధ్య మరో తేడా కరెంటు పోయి వచ్చినప్పుడు బయటపడుతుంది. మామూలు స్విచ్‌తో నడిచే మోటారు, స్విచ్ వేసే ఉంటే, కరెంటు రాగానే దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. పుష్ బటన్ స్టార్టర్ ఉన్నది మళ్లీ బటన్ నొక్కేదాకా కదలదు. వీఎఫ్‌డీని తన ప్యానెల్ మీది బటన్‌తో నడిపితే చాలా వాటిలో మళ్లీ నొక్కాల్సిందే. బయట నిలిచి ఉండే స్విచ్ తగిలించి దాంతో నడిపేలా సెట్టింగ్ మార్చిన వీఎఫ్‌డీ మాత్రం, కొన్ని మోడళ్లలో, కరెంటు రాగానే బెల్టును తిప్పేస్తుంది. దాన్ని ఆపే సెట్టింగ్ మాన్యువల్‌లో వేరుగా ఉంటుంది.